కోర్టు వేసిన మాల

క్వేకర్స్ హిల్, సిడ్నీ.
డిసెంబరు, మంగళవారం.

గౌరవనీయులైన మేనేజరు గారి సముఖమునకు,
కోర్టు ఉత్తర్వుల చికిత్సా విభాగం,
పశ్చిమ శివార్ల శాఖ.

విషయం: దేవుడితో నిమిత్తం లేని పద్ధతిలో నా చేత మద్యం మాన్పించవలసిందిగాను, రాబోవు శనివారం మధ్యాహ్నం జరుగు నా 'కార్యక్రమ సమాప్తి వేడుక'కు నేను హాజరు కాకుండుటకు అనుమతి ఇప్పించవలసిందిగాను కోరుతూ.

అయ్యా,

తమరు అయ్యగారో అమ్మగారో మీ వెబ్‌సైటులో ఎక్కడా లేదు. ఎవరైనప్పటికీ ఓపిక గలవారని నమ్మి రాస్తున్నాను.

మీ ఫిర్యాదుల పేజీలో 'మీకు నచ్చిన భాషలో రాయండి, అనువాదం మేము చూసుకుంటాము' అని ఉన్నది. ఇంగ్లీషు రాక నేను తెలుగులో రాయడం లేదు. ఈ దేశానికి చదువుకోడానికి వచ్చి, ఇక్కడే స్థిరపడి, ఇంగ్లీషులోనే ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. కాని ఇంగ్లీషులో ఎదుటి మనిషిని కాదనడం నాకు చేతకాదు. ఎవరేమన్నా 'నో వర్రీస్' అనేసి ఇంటికొచ్చి బాధపడతాను. ఆ నో వర్రీస్‌లన్నీ పోగై నన్ను ఈ రోజు నల్ల లుంగీలో కూర్చోబెట్టాయి. కనుక ఈసారి తెలుగులో కాదంటున్నాను. అనువాదకుల వారికి విడిగా నమస్కారాలు. మర్యాదలు తగ్గించవద్దని వారికి మనవి.

1. నా పేరు నాగభూషణం. ఒక బిస్కట్ల కంపెనీలో జీతాల సాఫ్ట్‌వేరు చూచువాడను. గత ఆగస్టులో ఒక పసిపిల్లవాడి పుట్టినరోజు విందులో తాగి, కారు నడుపుకుంటూ వస్తూ, మా వీధి మొదట్లో ఉన్న రౌండబౌట్ నుంచి ఎటు బయటపడాలో తోచక దాని చుట్టూ చాలాసేపు తిరిగి, చివరకు గ్రెగ్ అనే పొరుగాయన లెటర్‌బాక్సును పడగొట్టితిని. పోలీసువారు వచ్చే సమయానికి సదరు లెటర్‌బాక్సును లేపి నిలబెట్టి క్షమాపణ చెప్పుచుంటిని. మేజిస్ట్రేటు గారు నా లైసెన్సు తీసుకుని, 'ఆమోదం పొందిన చికిత్సా కార్యక్రమం' పూర్తి చేయవలెనని ఉత్తర్వు ఇచ్చారు. తప్పు నాది, శిక్ష న్యాయమైనది. ఆ ఉత్తర్వును అటు తిప్పీ ఇటు తిప్పీ చదివాను. అందులో దేవుడి ఊసు లేదు.

2. మీ కార్యాలయం నుంచి నాకు కేటాయించిన అధికారి క్రెయిగ్ గారు. చాలా మంచివారు. ఈ అర్జీలో ఆయన మీద ఫిర్యాదులా కనిపించేదంతా ఆయన మంచితనం మీద ఫిర్యాదుగా పరిగణించవలెను. మొదట నన్ను ఒక చర్చి వెనక హాలులో జరిగే సమావేశాలకు పంపారు. అక్కడ మనకంటే గొప్ప శక్తి ఒకటున్నదని ఒప్పుకుని మన జీవితాన్ని దానికి అప్పగించవలెను. నాకు దేవుడు లేడని మనవి చేసుకున్నాను. అందుకు క్రెయిగ్ గారు, "గాడే కానక్కర్లేదు మేట్. నీకంటే పెద్దది ఏదైనా ఓకే. సముద్రం అనుకో. పోనీ, అదిగో ఆ టీ డ్రమ్ము అనుకో," అని హాలు మూలనున్న స్టీలు డ్రమ్మును చూపించారు. దానివైపు చూశాను. నాకంటే గొప్పదే, అబద్ధమాడను. ఒక్క దెబ్బకి నలభై మందికి టీ ఇస్తుంది. కాని దాని కుళాయి కారుతున్నది. తన కుళాయి తాను కట్టుకోలేనిదానికి నా కుళాయి అప్పగించడానికి మనసొప్పలేదు.

3. ఈ మాట చెప్పినందుకు నాకు 'సాంస్కృతికంగా తగిన మార్గం' కావాలని క్రెయిగ్ గారు అర్థం చేసుకున్నారు. నేను కోరినది దేవుడు లేని మార్గం. ఆయన వెతికినది నా దేవుడున్న మార్గం. ముందుగా నా పేరును ఇంటర్నెట్‌లో చూశారు. పాములను ఆభరణాలుగా ధరించు దేవుడని వచ్చింది. ఆ పేరు మా తాతగారిదనీ, నేను పుట్టినప్పుడు నన్నెవరూ సంప్రదించలేదనీ చెప్పాను. అయినను నా ఫైలులో 'దైవనామధారి, గాఢమైన విశ్వాస నేపథ్యం' అని రాసి, దాని కింద 'ఇంట్లో పాములున్నవేమో విచారించవలెను' అని కూడా రాశారు. పరిశీలనకు ఇద్దరు వచ్చారు. మా గరాజ్‌లో బల్లి కనబడినది. దానిని కూడా నమోదు చేశారు.

తదుపరి గిరావీన్‌లో ఉండే జనార్దనరావు అంకుల్‌ను సలహాదారుగా పిలిపించారు. మా తెలుగువారి సంఘానికి ఆయన పెద్ద. ఆయన వచ్చినది నా కోసం కాదు, మన వాళ్ల పరువు కోసం. మీ ఆఫీసులో కూర్చుని, "మావాడు తాగి తిరిగాడనుకుంటున్నారు గానీ సార్, మా కల్చర్‌లో సర్కిల్ చుట్టూ తిరగడమంటే ప్రేయర్," అని చెప్పారు. పక్కన ఉన్న నేను నో వర్రీస్ అన్నాను. దాంతో రౌండబౌట్ ఘటన నా ఫైలులో ప్రదక్షిణగా మారింది. ఆ లెటర్‌బాక్సు ఏమి దేవతో ఇంకా తేల్చలేదు. పై విషయమై స్పష్టీకరణ: నేను దారి తప్పాను. అంతే.

4. అంకుల్ గారు సూచించినది అయ్యప్ప దీక్ష. తమకు తెలియని పక్షంలో విన్నవిస్తున్నాను. మెడలో మాల వేసుకుని మండలం రోజులు నల్ల బట్టలు కట్టి, తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం చేసి, నేల మీద పడుకుని, మాంసము, మద్యము ముట్టక, చెప్పులు లేక నడిచి, ఎదురైన ప్రతివారినీ స్వామీ అని పిలువవలెను. ఎంత తాగుడు మరిగినవాడైనా మాల మెడలో ఉన్నన్నాళ్లు చుక్క ముట్టడు. ఇది మా వైపు అందరూ ఎరిగిన సంగతి. ఇది వినగానే క్రెయిగ్ గారి ముఖం వెలిగిపోయింది. ఒక్కొక్క భజనకు రెండు గంటల చికిత్సగా జమ కట్టే ఏర్పాటు చేశారు. ఆ విధంగా నేను ఆస్ట్రేలియా కోర్టు ఉత్తర్వు మీద అయ్యప్ప మాల వేసుకున్న భక్తుడనైతిని. నాకు తెలిసి ఇంకొకడు లేడు.

5. దీనివల్ల కలిగిన ఇబ్బందులు.

క్రెయిగ్ గారు ఫోను చేసి "హౌ యూ గోయింగ్, స్వామీ?" అంటారు. నియమం ప్రకారం నేనూ ఆయనను క్రెయిగ్ స్వామీ అనవలెను. ఒక ప్రభుత్వోద్యోగీ, ఒక ముద్దాయీ ఒకరినొకరు దేవుడని పిలుచుకుంటూ మూత్ర పరీక్ష తేదీ ఖరారు చేసుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదా అని అడుగుచున్నాను.

మా అత్తగారు జ్ఞానప్రసూనమ్మ గారు ఆరు నెలల వీసా మీద మా ఇంట్లో ఉన్నారు. వచ్చిన నాటి నుంచి నన్ను పేరు పెట్టి కాదు కదా, సర్వనామం పెట్టి కూడా పిలవని మనిషి. మాల వేసుకున్న ఉదయం హాల్లో నా కాళ్లకు దండం పెట్టారు. ముందు రోజు దాకా ఆవిడ దృష్టిలో నేనేమిటో నాకు తెలుసు. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ సిగ్గుపడ్డామో చెప్పలేను. మా అమ్మాయి శ్రావ్య అది చూసి, "డాడ్, ఆర్ యూ లైక్... హోలీ నౌ?" అని అడిగింది. కోర్టు చెప్పిందమ్మా అన్నాను. "దట్స్ సో వియర్డ్," అని బడికి వెళ్లిపోయింది.

అన్నిటికంటే పెద్దది మా నాన్నగారి సంగతి. ఆయన చీరాలలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన హేతువాది. గాలిలోంచి విభూతి తీసే కిటుకు బడి వార్షికోత్సవంలో పిల్లలకు చేసి చూపించిన మనిషి. నేను ప్రతి ఆదివారం ఆయన వీడియో కాల్ చేస్తే కెమెరా పాడైందని చెప్పి మాటలతోనే నెట్టుకొచ్చాను. సంఘం వారు భజన ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టారు. నా నుదుట విభూతి స్పష్టంగా ఉన్నది. నాన్నగారు ఫోను చేసి, "తాగుడైతే వైద్యం ఉందిరా అబ్బాయ్. దీనికేం చెయ్యమంటావు?" అన్నారు. తాగినప్పుడు కూడా ఆయన నాతో అంత మెల్లగా మాట్లాడలేదు.

6. నేను దీక్షను గాని, దీక్షాపరులను గాని కించపరచడం లేదని రికార్డు కొరకు మనవి. మా గురుస్వామి విష్ణువర్ధన్ గారు. కరీంనగర్ వారు, ఇళ్ల లోన్లు ఇప్పించే పని చేస్తారు. తెల్లవారుజామున ఆయన పాడుతుంటే నాకే కదలబుద్ధి కాదు. అలాంటి మనిషి పక్కన దొంగలా నిలబడి చప్పట్లు కొట్టలేక గత వారం నిజం చెప్పేశాను. నమ్మకం లేదు స్వామీ, కోర్టు గంటల కోసం వస్తున్నాను అన్నాను.

ఆయన చేతిలో ప్రసాదం అలాగే పట్టుకుని, "ముందే చెప్తే నేనెందుకు ఏస్తుంటి స్వామీ నీకు మాల? కాయితం మీద కోర్టు ఆర్డరని ఉండె. కాదంటే ఏమైతదో అని భయమైంది," అన్నారు.

"తప్పయిపోయింది స్వామీ."

"తప్పు నీది గాదు. కోర్టోళ్లు పంపితే తీస్కునేంత కరువు మా అయ్యప్పకు రాలే," అని ఆ ప్రసాదం నా చేతిలో పెట్టి, "తిను. ఆకలికి నమ్మకంతోని పని లేదు," అన్నారు.

కావలసి వస్తే తమ ఎదుట హాజరై ఈ మాటలు చెప్పడానికి ఆయన సిద్ధంగా ఉన్నారు. నమ్మనివాడి మీద నమ్మకం రుద్దితే నాకెంత కష్టమో, నమ్మేవారికి అంతకు రెట్టింపు అవమానం. ఈ విషయంలో గురుస్వామి గారిదీ నాదీ ఒకటే అర్జీ.

7. నేను కోరునది ఏమనగా, మా పక్క శివారు లైబ్రరీలో శనివారం మధ్యాహ్నాలు డెబ్బీ అనే నర్సు ఒక సమావేశం నడుపుతారు. దేవుడు గాని, టీ డ్రమ్ము గాని లేని సమావేశం. తాగాలని ఏ వేళకు అనిపిస్తుంది, ఎవరితో ఉంటే అనిపిస్తుంది, అనిపించినప్పుడు చేతులకు ఏం పని పెట్టాలి, ఇవే మాటలు. అవసరమైతే డాక్టరుకు రాసి మాత్రలు ఇప్పిస్తారు. అది మీ ఆమోదిత జాబితాలో లేదు. ఎందుకు లేదని క్రెయిగ్ గారిని అడిగితే, ఎవరూ అడగలేదు కనుక లేదన్నారు.

గంటలు జమ కాకపోయినా నేను వెళ్తున్నాను. మొదటి రోజు నల్ల లుంగీ, మెడలో పూసలు, నుదుట విభూతి, గంధం, కాళ్లకు చెప్పులు లేకుండా వెళ్లి, గుండ్రంగా కూర్చున్న ఏడెనిమిది మంది మధ్య, నేను దేవుణ్ణి నమ్మనండీ, అందుకే ఇక్కడికి వచ్చాను అని పరిచయం చేసుకున్నాను. పక్కనున్న పెద్దాయన మెల్లగా తన కుర్చీ జరిపి నాకు చోటిచ్చి, "గుడ్ ఆన్ యా," అని మెచ్చుకున్నాడు.

ఆ సమావేశంలో నా గురించి నాకు ఒక సంగతి తెలిసింది. ఒంటరిగా ఉన్నప్పుడు నాకు తాగాలనిపించదు. బాధ కలిగినా అనిపించదు. నా వాళ్లు ప్రేమగా గ్లాసు అందిస్తే మాత్రం వద్దనలేను. వద్దంటే వాళ్లు చిన్నబుచ్చుకుంటారని తాగుతాను, తర్వాత ఆపలేను. ఈ జబ్బు ఉన్నవాడికి మాల బ్రహ్మాండంగా పని చేస్తుంది. మాల ఉంటే అసలు ఎవరూ గ్లాసు అందించరు. వద్దనే పని నాకు ఒక్కసారి కూడా పడలేదు. కనుక వద్దనడం నేను ఇంకా నేర్చుకోలేదు.

8. ఈ అంశం ఫిర్యాదు కిందకు రాదు. ఎక్కడ పెట్టాలో తెలియక ఇక్కడ పెట్టాను.

నా భార్య హరిప్రియ దంతవైద్యుడి దగ్గర రిసెప్షనిస్టు. మాల వేసుకున్న దగ్గర్నుంచి ఆమె రాత్రిళ్లు నిద్రపోతోంది. ఇంతకు ముందు నేను వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చునేది. ఇప్పుడు పాట పాడుకుంటూ అంట్లు తోముతోంది. నేను మాల సంగతి ఎత్తి, ఇది నాకు నచ్చడం లేదన్నాను. ఆమె పని ఆపకుండానే, "మనసులో నచ్చకపోతే మానెయ్యండి. మెళ్లో మాత్రం ఉండనివ్వండి," అంది.

"తాగనిది నేను హరీ. పూసలు కాదు."

"అయితే పూసలు లేనప్పుడు ఎందుకు మానలేదండీ?"

ఈ ప్రశ్నకు సమాధానం తమ కార్యాలయం వద్ద ఉన్నచో తెలియజేయగలరు. ఆమె ఇన్నాళ్లకు ఒకదాన్ని నమ్మింది. అది నేను కాదు. నాకు ఏడుపొస్తోంది. ఇంత కష్టపడి మానుతున్నందుకు పేరు పూసలకు పోతే పోయింది, అవి తీసేసిన మరునాడు ఆమె మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చుంటుంది. అది చూడలేను.

9. అసలు అత్యవసరం ఇది. శుక్రవారం గుడిలో ఇరుముడి సమర్పిస్తాము. శనివారం ఉదయం మాల తీస్తారు. అంతటితో దీక్ష ముగిసినది. దీక్ష వరకు అది మంచిదే. కాని మా మగవాళ్లలో ఇంకొక ఆచారం ఉన్నది, అది ఏ శాస్త్రంలోనూ లేదు. మాల తీసిన మధ్యాహ్నం స్నేహితులంతా కలిసి ఆ మనిషి చేత మళ్లీ తాగిస్తారు. మండలం రోజుల బాకీ ఒక్క పూటలో తీర్చుకోమని ప్రోత్సహిస్తారు. గురుస్వామి గారు దీనిని అసహ్యించుకుంటారు. కాని ఆయన మాట మాల ఉన్నంతవరకే చెల్లుతుంది.

నా స్నేహితులు వెంకట్, వంశీధర్ మా పెరట్లోనే బార్బెక్యూ విందు ఏర్పాటు చేశారు. వెంకట్ ఫోను చేసి, "మామా, నీ కోసం డ్యూటీ ఫ్రీలో సింగిల్ మాల్ట్ తెచ్చి దాచా. సీల్ కూడా తియ్యలా. సాటర్‌డే మధ్యాహ్నం నువ్వే ఓపెన్ చెయ్యాల. పాపం ఎంత కష్టపడ్డావు రా," అన్నాడు. నేను నో వర్రీస్ అన్నాను. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. లైసెన్సు పోయిన నాటి నుంచి వంశీధర్ తన పని మానుకుని నన్ను రోజూ స్టేషన్ దగ్గర దింపుతున్నాడు. వారి పేర్లను ఈ అర్జీ చదివిన వెంటనే తమరు మరచిపోవలెనని ప్రార్థన.

నేను ఆ మధ్యాహ్నం తప్పించుకుని డెబ్బీ గారి సమావేశానికి పోదామనుకున్నాను. ఇంతలో ఈ పార్టీ సంగతి అంకుల్ గారి ద్వారా క్రెయిగ్ గారికి చేరింది. దీక్ష చివర మిత్రులంతా కలిసి చేసే వేడుక అని మాత్రమే ఆయనకు చెప్పారు. సీసా సంగతి చెప్పలేదు, పరువు. క్రెయిగ్ గారు సంతోషించి, దానిని 'సమాప్తి వేడుక'గా నా కార్యక్రమంలో చేర్చి, ముద్దాయి హాజరు తప్పనిసరి అని రాసి, హాజరు కానిచో ఉత్తర్వు ఉల్లంఘనగా పరిగణించబడునని నాకు ఈమెయిలు పంపారు. తాను కూడా వస్తున్నాననీ, సలాడ్ తేనా అనీ అడిగారు.

అనగా, నేను తాగరాదని ఇచ్చిన కోర్టు ఉత్తర్వు ప్రకారం, నేను తప్పనిసరిగా వెళ్లి కూర్చోవలసిన చోట నా కోసం సీలు తీయని సీసా సిద్ధంగా ఉన్నది. వెళ్లకపోతే ఉల్లంఘన. వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. క్రెయిగ్ గారు సలాడ్ పట్టుకుని చూస్తుండగా అవుతుంది.

కావున తమరు దయయుంచి,

నన్ను సదరు వేడుక నుంచి మినహాయించి, అదే సమయమున జరుగు లైబ్రరీ సమావేశమును ఆమోదిత జాబితాలో చేర్చి, మిగిలిన గంటలు అక్కడ పూర్తి చేయుటకు అనుమతించవలెను. నాకొక్కడికే కాక, దేవుడు లేడని చెప్పు ఏ ముద్దాయికైనను ఆ దారి మొదటి రోజునే చూపించవలెను. నమ్మకం ఉన్నవారికి వారి దారి ఉండనే ఉన్నది, వారిని కదిలించవద్దు. నా ఫైలులో 'ప్రదక్షిణ' కొట్టివేసి 'తాగి దారి తప్పెను' అని దిద్దవలెను. అందులో నాకు నామోషీ లేదు. బల్లి విషయం తమ ఇష్టం.

నా విన్నపమును శనివారం లోపుగా చిత్తగించి, శనివారం తర్వాత చిత్తగించినను ప్రయోజనం ఉండదని గమనించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
నాగభూషణం
(ప్రస్తుతానికి స్వామి)

మరొక మనవి: శనివారం ఒంటిగంటకు వాళ్లొస్తారు. ఉత్తర్వు అప్పటికి రాకపోవచ్చు. ఆఫీసు సెలవని తెలుసు. అయినా అడుగుతున్నాను, ఆ టైముకి మీరు నాకొక్క ఫోను చేస్తారా? కాయితం మీద ఇంత రాశాను గానీ, వెంకట్ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడితే నా నోట్లోంచి వద్దు అనే మాట రాదు. గవర్నమెంటు ఫోను అంటే మాత్రం వాళ్లు నన్ను వదిలేస్తారు. నేను లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాను. మీరేమీ మాట్లాడనక్కర్లేదు. ఫోను పక్కన పెట్టేసి మీ బట్టలు ఆరేసుకోండి, మీ పిల్లలతో ఆడుకోండి, వాళ్లు వెళ్లేదాకా నేను చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉంటాను. ఇలాంటప్పుడు అందరికీ పిలుచుకోడానికి పైన ఒకరుంటారు. నాకు లేరు, మిమ్మల్ని అడుగుతున్నాను. నా నంబరు కవరు మీద కూడా రాశాను. మొదటి రింగుకే ఎత్తుతాను.